మందు కంటే ముందు దేహం

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, నంబులపూలకుంట)



ఈరోజు నేను ఎంచుకున్న విషయం మానవ శరీరధర్మ శాస్త్రం. ఫార్మసీ విద్యార్థులు దీన్ని 'హ్యాప్' అంటారు. హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీకి అది పొట్టి పేరు. బీఫార్మసీ మొదటి ఏడాదిలో రెండు సెమిస్టర్లు, రెండు పేపర్లు, రెండు ప్రాక్టికల్ రికార్డులు. ఇంటర్నల్స్, వైవా గట్టెక్కితే చాలనుకుని చదివి, పాసైన మర్నాడే నోట్సు జూనియర్లకు ఇచ్చేసే సబ్జెక్టు ఇది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫార్మసిస్టుకు ఈ చదువు రెండో సెమిస్టరుతో ముగియదు. మందుల చీటీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అతడు దీన్ని మళ్ళీ తెరవాలి. ఎండలో బతికే మనుషులున్న మన నేల మీద మరీ తెరవాలి.

దేహాన్ని చదివి మందు దాకా నడిచిన మనిషి

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తర్వాత ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలై, రక్తం తగ్గి మనిషి క్షీణించే జబ్బు అది. సుబ్బారావు గారికీ వచ్చింది. ఆయన్ను బతికించింది ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి చికిత్స.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతున్నప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా చిన్న పట్టా ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్యసేవలో చోటు దొరకలేదు. అప్పుడు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఈ సంగతి మన విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచానికి మందులిచ్చిన ఈ తెలుగువాడు మొదట బోధించింది దేహం గురించే.

తర్వాత బోస్టన్ చేరారు. రాత్రిళ్ళు ఆస్పత్రిలో పోర్టరు పని చేస్తూ పగలు చదివారు. హార్వర్డు జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా విద్యార్థులు చదివేది అదే. ఆ కొలత చేతికి రావడంతో కండరంలో అంతవరకూ ఎవరి కంటా పడని పదార్థం దొరికింది. అది ఫాస్ఫోక్రియాటిన్, సంవత్సరం 1927. రెండేళ్ళకు 1929లో, కండరానికి శక్తినిచ్చే ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నమ్ముతున్న కాలమది. దాని మీద 1922లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ నమ్మకం కదలడానికి సుబ్బారావు గారి పనే దారి వేసింది.

ధర్మవరంలో గుంటమగ్గంలో కూర్చున్న నేతగాణ్ణి చూడండి. కాలితో పావు తొక్కిన ప్రతిసారీ తొడ కండరంలో ఏటీపీ ఖర్చవుతుంది. కండరంలో నిలవున్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు మించి సరిపోదు. దాన్ని ఆ క్షణాన తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. పట్టుచీర అంచు మీద పడే ప్రతి పోగు వెనకా ఈ లావాదేవీ నడుస్తూనే ఉంటుంది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చదివిన విషయం ఆ ఊళ్ళో ప్రతి వీధిలోనూ కళ్ళముందే జరుగుతోంది.

ల్యాబులో ఒక చుక్క రక్తం

మన విద్యార్థుల చదువు ఎలా మొదలవుతుందో ఇక్కడ చెప్పాలి. బీఫార్మసీలోకి బైపీసీ వాళ్ళూ వస్తారు, ఎంపీసీ వాళ్ళూ వస్తారు. ఎంపీసీ చదివి వచ్చిన పిల్లవాడికి మొదటి సెమిస్టరులో బయాలజీ విడిగా నేర్పుతారు. గుండెకు నాలుగు గదులని అక్కడ తెలుసుకుంటూనే, పక్క క్లాసులో గుండె విద్యుత్ ప్రసారం నేర్చుకోవాలి. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పల్లెటూరి పిల్లలకు ఇది కొండెక్కినట్టే ఉంటుంది. అయినా వాళ్ళు ఎక్కుతారు. ఎక్కించేది చాలాసార్లు ప్రాక్టికలే.

సాలి పద్ధతిలో హిమోగ్లోబిన్ చూసే రోజు గుర్తు చేసుకోండి. గీతల గొట్టంలో అడుగు గీత దాకా డెసినార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాం. స్పిరిట్ దూదితో వేలు తుడిచి, లాన్సెట్‌తో గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కను పిపెట్‌లోకి 20 మైక్రోలీటర్ల గీత దాకా పీలుస్తాం. గాలి బుడగ రాకూడదు. వేలు నొక్కి పిండకూడదు, పిండితే కణజాలం నీరు కలిసి లెక్క తగ్గుతుంది. ఆమ్లంలో వదిలి పది నిమిషాలు ఆగితే గోధుమ రంగు వస్తుంది. ఆపైన డిస్టిల్డ్ వాటర్ చుక్కచుక్కగా కలుపుతూ, పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా వెలుతురుకెత్తి చూడాలి.

ఆ గొట్టం మీద తొమ్మిది కనబడిందనుకోండి. గర్భం లేని వయోజన స్త్రీకి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా ఆ గీతకు కిందే ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ల్యాబులో వేలు గుచ్చుకున్న అమ్మాయికి ఆ సంఖ్య తనదే కావచ్చు. రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవడంతో ఆ ప్రాక్టికల్ ముగియకూడదు.

ఇనుము ఎక్కువగా పేగు మొదటి భాగంలో, డియోడినంలో, ఫెర్రస్ రూపంలో ఒంటికి పడుతుంది. నిమ్మకాయలోని సి విటమిను దానికి తోడ్పడుతుంది, టీలోని టానిన్లు అడ్డుపడతాయి. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. ఇవి తెలిసిన ఫార్మసిస్టు ఐరన్ మాత్రలిస్తూ, 'అమ్మా, టీతో వేసుకోవద్దు. విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దు. వారంలో తేడా కనబడలేదని మానెయ్యొద్దు, కొత్త రక్తం పట్టడానికి నెలలు కావాలి' అంటాడు. ఆ రెండు మాటలు లేక మూలన పడ్డ మాత్రల షీట్లు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయో ఆశా కార్యకర్తలను అడగండి.

ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని కథ బొంబాయిలో మొదలైంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంలోని ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని చూపింది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు ఆ మందే పనిచేసింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు ఆయన ఇచ్చిన సమాధానమది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణి చేతిలో పెట్టే మాత్రలో ఆయన శ్రమ ఉంది.

ఈ ఎండలో మూత్రపిండం చేసే పని

నంబులపూలకుంటకు దేశంలో పేరు తెచ్చింది ఎండ. 1500 మెగావాట్ల సామర్థ్యంతో ఇక్కడ సోలార్ పార్కు తలపెట్టారు. ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో పనిలోకి వచ్చింది. కరెంటుగా మారే ఆ ఎండే పలకలు కడిగే కూలీ వీపు మీద, శనక్కాయ చేలో కలుపు తీసే ఆడమనిషి తల మీద పడుతుంది.

ఎండలో బరువైన పని చేసే మనిషి గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకు మించి చెమట పోగొట్టుకుంటాడు. లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. అందుకే బతుకుతాం. కానీ ఆ నీరు రక్తం నుంచే రావాలి. గుండె నిమిషానికి పంపే అయిదు లీటర్లలో అయిదో వంతుకు పైగా మూత్రపిండాలకు వెళ్తుంది. రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని అవి వడగట్టి, ఒకటిన్నర లీటర్లు మాత్రం బయటికి పంపి మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు శరీరం చర్మానికి, పేగులకు, మూత్రపిండాలకు వెళ్ళే రక్తనాళాలను బిగిస్తుంది. ఆ బిగింపులోనూ వడపోత ఆగకుండా మూత్రపిండం తనకు రక్తం తెచ్చే సన్ననాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లతో తెరిచి ఉంచుకుంటుంది. చెరువులో నీళ్ళు అడుగంటినా పొలానికి పారే తూము మూసుకోకుండా కాపలా ఉండే నీరుగంటి పని ఆ ప్రోస్టాగ్లాండిన్లది.

సాయంత్రం మందుల అంగడికి కూలి మనిషి వస్తాడు. అక్కడ జరిగే మాటలు మీకందరికీ తెలిసినవే.

"సార్, ఒళ్ళంతా ఒకటే నొప్పులు. మొన్నిచ్చిన మాత్రే ఇంకోటియ్యండి."

అక్కడ దేహం చదివిన ఫార్మసిస్టు ఉంటే డబ్బా అందుకోకముందే అడుగుతాడు.

"పొద్దున్నించి నీళ్ళు ఎంత తాగినావన్నా?"

"తెచ్చుకున్న బాటిలు మధ్యాన్నానికే అయిపాయ."

"ఒంటికి పోయినావా?"

"ఇందాక ఒకసారి పోతిని. ఎర్రగా, మంటగా వచ్చె."

"బీపీకేమన్నా మింగుతున్నావా?"

"రోజూ ఒకటి."

ఈ మూడు జవాబుల్లో శరీరధర్మ శాస్త్రం సగం పుస్తకం ఉంది. ఇతడి ఒంట్లో నీరు తగ్గింది. మూత్రపిండం ప్రోస్టాగ్లాండిన్ల బలంతో నెట్టుకొస్తోంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఆపేది సరిగ్గా ఆ ప్రోస్టాగ్లాండిన్లనే. ఈ సంగతి 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ మీద చేసిన పరిశోధనతో తెలిసింది. ఆయనకు 1982లో నోబెల్ వచ్చింది. దానికి తోడు బీపీ మాత్ర ఎనలాప్రిల్ జాతిదైతే వడపోతకు అవతలి వైపు నాళం సడలి ఒత్తిడి ఇంకా పడిపోతుంది. మూత్రం ఎక్కువ పోయించే మాత్ర కూడా ఉంటే మూడు దెబ్బలూ ఒకేచోట తగులుతాయి. నొప్పి తగ్గుతుంది, మూత్రపిండం దెబ్బతింటుంది. డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. చట్టం ఆ మాట ఎందుకు అంటోందో ఫార్మసిస్టుకు తెలియాలి. ఆ కారణం హ్యాప్ పుస్తకంలో ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్ని కుటుంబాలు మూత్రపిండాల జబ్బుతో కుంగిపోయాయో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అక్కడ కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కోత కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనబడింది. ఎండలో శ్రమ, ఒంట్లో నీరు తగ్గడం అక్కడ ప్రధాన అనుమానాలు. నీళ్ళు, విశ్రాంతి, నీడ అనే మూడింటినీ పని నియమంగా మార్చే ప్రయత్నం అక్కడ మొదలైంది. మన మండలంలో ఆ మూడూ కావాలని అడగడానికి జబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

నీళ్ళు ఎలా తాగాలన్నది కూడా శరీరధర్మ శాస్త్రమే చెప్పింది. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళ్తాయనీ, వాటి వెంట నీరు పోతుందనీ 1960ల్లో తెలిసింది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల కోసం బన్‌గావ్‌లో పెట్టిన శిబిరంలో కలరా ప్రబలి, సెలైను సీసాలు చాలని స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని కాపాడారు. ఇప్పటి ఓఆర్ఎస్ ప్యాకెట్టులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు. మొత్తం ఒక లీటరు నీళ్ళకు. గ్లాసెడు నీళ్ళలో కలిపేస్తే లెక్క తప్పుతుంది. చక్కెర ఎక్కువైతే నీరు పేగులోంచి ఒంట్లోకి పోయేది పోయి, ఒంట్లోంచి పేగులోకి వస్తుంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడింది ఇందుకే. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అంగట్లో రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏది చేతికివ్వాలో చెప్పాల్సినవాడు ఫార్మసిస్టు.

ఒకే సంఖ్య, ఇద్దరు మనుషులు

మూత్రపిండాల పరీక్ష చేయించుకున్నవాళ్ళు 'క్రియాటినిన్ ఎంతుంది' అని అడుగుతారు. ఆ క్రియాటినిన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కండరంలో ఉన్న క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ రోజూ కొద్ది కొద్దిగా, వందలో రెండు పాళ్ళ లోపు, వాటంతటవే క్రియాటినిన్‌గా మారుతాయి. సుబ్బారావు గారు కనుగొన్న పదార్థం తాలూకు మిగులే ఈరోజు ల్యాబ్ రిపోర్టులో మనం చదివే సంఖ్య. దాన్ని పిక్రిక్ ఆమ్లంతో రంగు తెప్పించి కొలవడాన్ని ఆచరణలోకి తెచ్చిన ఒట్టో ఫోలిన్ హార్వర్డులో సుబ్బారావు గారు పనిచేసిన విభాగానికే పెద్ద.

కండరం నుంచి పుట్టేదాన్ని చూసి మూత్రపిండాన్ని అంచనా వేస్తున్నామంటే, కండరం ఎంతుందో చూడకుండా ఆ సంఖ్యను చదవకూడదు. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన లెక్క నాలుగో ఏడాది విద్యార్థులకు తెలుసు. 140 నుంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తో, క్రియాటినిన్‌తో భాగించాలి. స్త్రీలకైతే ఫలితాన్ని 0.85తో గుణించాలి. ముప్పై ఏళ్ళ, 70 కిలోల యువకుడి క్రియాటినిన్ 1.0 ఉంటే నిమిషానికి దాదాపు 107 మిల్లీలీటర్లు వస్తుంది. అరవై అయిదేళ్ళ, 40 కిలోల అవ్వకు అదే 1.0 ఉంటే వచ్చేది 35. రిపోర్టులో ఇద్దరికీ 'నార్మల్' అనే ఉంటుంది. అవ్వకు మెట్‌ఫార్మిన్, డిగాక్సిన్, కొన్ని యాంటీబయోటిక్స్ మోతాదు మీద మళ్ళీ ఆలోచించాలి, డాక్టరుకు ఫోను చేసి చెప్పాలి. జీవితమంతా కూలి చేసి ఎముకల గూడైన మన అవ్వలకు ఈ లెక్క ఎవరో ఒకరు వేయాలి. ఆ ఒకరు మీరే ఎందుకు కాకూడదు?

సుబ్బారావు గారి బృందం ఇచ్చిన మరో మందు విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. ఫోలిక్ ఆమ్లం కణవిభజనకు కావాలి కాబట్టి, దానికి అడ్డుపడే పదార్థంతో విచ్చలవిడిగా పెరిగే క్యాన్సరు కణాన్ని ఆపవచ్చునని తేలింది. లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడాన్ని చూపాడు. దాని దగ్గరి చుట్టం మెథోట్రెక్సేట్. ఇప్పుడు కీళ్ళవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్రగా మన ఊళ్ళకూ వచ్చింది. దాన్ని పొరపాటున రోజూ మింగితే ఎముక మూలుగ, నోటి పొర, పేగు పొర దెబ్బతిని ప్రాణం పోవచ్చు. వేగంగా విభజన చెందే కణాలు ఎక్కువగా ఉండే చోట్లవి మరి. అది బయటికి పోయేదీ మూత్రపిండం గుండానే. అంటే ఒంట్లో నీరు తగ్గినా, పక్కన నొప్పి మాత్ర చేరినా ముప్పు పెరుగుతుంది. కవరు మీద వారంలో ఏ రోజో పేరు రాసి, 'ఆ ఒక్కరోజే, అవ్వా' అని చెప్పి, ఆమె చేత తిరిగి అనిపించుకునే ఫార్మసిస్టు ఒక ప్రాణం నిలబెడుతున్నాడు.

చేయవలసిన పని

2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు విధి అని చెప్పాయి. వివరించాలంటే ముందు తనకు అర్థం కావాలి. అందుకే విద్యార్థులకు నా విన్నపం ఇది. హ్యాప్ నోట్సు దాచుకోండి. ఫార్మకాలజీలో కొత్త మందు వచ్చిన ప్రతిసారీ ఆ నోట్సులో సంబంధించిన పేజీ తీసి, ఆ మందు దేహంలో ఎక్కడ పనిచేస్తుందో, ఏ దారిన బయటికి పోతుందో, ఎండ, ఉపవాసం, గర్భం, ముసలితనం దాన్ని ఎలా మారుస్తాయో మార్జిన్‌లో రాయండి. ఇంటికి వెళ్ళి మీ అమ్మకు తెలుగులో చెప్పండి. ఆమెకు అర్థమైతే మీకు వచ్చినట్టే.

అధ్యాపకులను కోరేది, మూడో ఏడాదిలోనూ నాలుగో ఏడాదిలోనూ శరీరధర్మ శాస్త్రాన్ని తిరిగి క్లాసులోకి తీసుకురండి. పాఠ్యపుస్తకంలోని ఉదాహరణ చెప్పి ఆగకుండా, మగ్గం గుంటలో కూర్చున్న మనిషి కాళ్ళ గురించి, సోలార్ పలకల మధ్య నడిచే మనిషి రక్తపోటు గురించి ప్రశ్నలు తయారుచేయండి. మన ప్రాంతంలోనే నూనెల పరిశోధన కోసం పుట్టిన అనంతపురం సంస్థ ఈరోజు ఫార్మసీ చదువు చెబుతోంది. నేలకు కావలసింది చదువులోకి తేవడం మనకు కొత్త కాదు.

మందుల అంగళ్ళు నడిపేవారికి మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. నీళ్ళు ఎంత తాగినారు, ఒంటికి సరిగా పోతున్నారా, ఇంకేం మందులు వాడుతున్నారు. నొప్పి మాత్ర అడిగిన ప్రతి మనిషినీ ఈ మూడూ అడగండి. జవాబు బాగా లేకపోతే ఓఆర్ఎస్ ఇచ్చి, మాత్ర ఆపి, ఆస్పత్రికి పంపండి. ఆ పూట ఒక అమ్మకం తగ్గుతుంది, నిజమే. ఆ కుటుంబం డయాలసిస్ కోసం పొలం అమ్ముకోవలసిన రోజు రాకుండా ఉండవచ్చు.

వచ్చే వేసవి మొదలయ్యేలోగా ఈ మండలంలోని ప్రతి మందుల అంగట్లో ఆ మూడు ప్రశ్నలూ పెద్ద తెలుగు అక్షరాల్లో కౌంటరు మీద ఉండాలి. రాసిపెట్టే పని విద్యార్థులు తీసుకోండి. రోజూ అడిగే పని అంగడివాళ్ళు తీసుకోండి. ఎందుకు అడగాలో నేర్పే పని మా అధ్యాపకులది. సుబ్బారావు గారి పేరుతో జరుగుతున్న ఈ సభ నుంచి ఆ పని మొదలైతే చాలు.